బాటర్‌సీ పార్లమెంటు నియోజకవర్గం

బాటర్‌సీ ఇంగ్లాండు రాజధాని లండను నగరంలో, థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న ఒక పార్లమెంటు నియోజకవర్గం. ఇది బ్రిటిష్ పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభకు ఒక సభ్యుని పంపుతుంది. 1885లో తొలిసారిగా ఏర్పడినది. 1918 నుండి 1983 వరకు ఉత్తర బాటర్‌సీ, దక్షిణ బాటర్‌సీ అను రెండు నియోజకవర్గాలుగా విడిపోయి ఉండి, 1983లో మరల ఒక్కటైనది. బొంబాయిలో పుట్టిన షాపూర్జీ సక్లత్‌వాలా 1922లోను, 1924లోను ఉత్తర బాటర్‌సీ నుండి ఎన్నికైనందున భారతీయ పాఠకులకు ఈ పేరు కొంత పరిచితమే. ఒకప్పుడు లండనులో కార్మికోద్యమానికి పట్టుకొమ్మగా పేరుపొందిన ఈ ప్రాంతం, ఇరవయ్యవ శతాబ్దపు చివరి పాదంలో ధనికులు కోరి వచ్చే పేటగా మారినది. ఎవరు ఓటు వేశారన్న దానికంటె, ఎవరు అక్కడ కాపురం ఉండగలిగారన్నదే ఇక్కడి ఎన్నికల చరిత్రను ఎక్కువగా నడిపించినదని చెప్పవచ్చు.

ప్రాంతం

నియోజకవర్గానికి ఉత్తరాన థేమ్స్ నది, నదికి ఆవలి ఒడ్డున సంపన్నులుండే చెల్సీ ఉన్నాయి. నదిని ఆనుకొని 1858లో విక్టోరియా రాణి ప్రారంభించిన బాటర్‌సీ పార్కు, దాని ప్రక్కనే నాలుగు తెల్లని పొగగొట్టాలతో దూరానికి కనిపించే పాత విద్యుత్ కేంద్రం ఉన్నాయి. తూర్పున నైన్ ఎల్మ్స్, నడుమ లావెండర్ హిల్, దక్షిణాన బాలం ముఖ్యమైన పేటలు. రెండు పెద్ద పచ్చికమైదానాలు, క్లాఫం కామన్, వాండ్స్‌వర్త్ కామన్, దక్షిణ భాగానికి చెరొక ప్రక్కన ఉన్నాయి.

నది ఒడ్డున ఉన్నది పల్లపు నేల. దక్షిణానికి పోయేకొలది నేల ఎత్తు పెరుగుతుంది. కర్మాగారాలు, గ్యాసు తొట్లు, రైలు పట్టాలు, కూలీల ఇండ్లు పల్లంలోను, గుమాస్తాలు, వర్తకులు, ఉపాధ్యాయుల ఇండ్లు మిట్టలోను వెలిశాయి. రాజకీయాలు కూడ చాలాకాలం ఈ పల్లం మిట్టల ననుసరించే నడిచాయి. 1918లో నియోజకవర్గాన్ని ఉత్తర, దక్షిణ భాగాలుగా విడదీసినప్పుడు ఈ తేడా ఎన్నికల లెక్కలలోకి ఎక్కినది.

పల్లెటూరు పట్టణమైన వైనం

పందొమ్మిదవ శతాబ్దపు మొదటి భాగంలో బాటర్‌సీ సర్రే కౌంటీలోని ఒక గ్రామం. లండను సంతలకు కూరగాయలు పండించి పంపుట ఇక్కడి వారి వృత్తి. 1841లో జనాభా ఏడువేలకు లోపే. అరవై సంవత్సరాల తరువాత, 1901లో, ఆ సంఖ్య 1,68,000 దాటినది. ఈ మార్పుకు మొదటి కారణం రైలు. 1838లో నైన్ ఎల్మ్స్ వద్ద రైలు స్టేషను వచ్చినది. పదేండ్లకు ప్రయాణీకుల స్టేషను వాటర్లూకు తరలిపోయినా, ఇంజన్ల పనిశాలలు, సరుకుల షెడ్లు మిగిలిపోయాయి. 1863లో క్లాఫం జంక్షన్ వెలసినది. నిజానికి ఈ స్టేషను ఉన్నది బాటర్‌సీలోనే. అయితే ఆ రోజులలో క్లాఫం అంటే పెద్దమనుషుల పేట, బాటర్‌సీ అంటే కూలీల పేట. అందువలన రైలు కంపెనీలు ప్రక్క ఊరి పేరును అరువు తెచ్చుకున్నాయి. ఈ నాటికీ ఎందరో ప్రయాణీకులు బాటర్‌సీలో దిగి క్లాఫంలో ఉన్నామనుకుంటారు.

రైలు వెంట పరిశ్రమలు వచ్చాయి. ప్రైస్ వారి కొవ్వొత్తుల కర్మాగారం, లోహాలు కరిగించే మూసలు తయారుచేసే మోర్గన్ సోదరుల కర్మాగారం వీటిలో పేర్కొనదగినవి. 1872లో మొదలైన షాఫ్ట్స్‌బరీ పార్కు ఇండ్ల సముదాయం రాజకీయంగా మరింత ముఖ్యమైనది. చేతిపని తెలిసిన కార్మికులకోసం ఒక గృహనిర్మాణ సంస్థ కట్టిన ఈ పేటలో సారా దుకాణాలకు చోటివ్వలేదు. చదువు, పొదుపు, సంఘం అలవాటైన కార్మికులు ఇక్కడ చేరారు. తరువాతి తరంలో బాటర్‌సీ కార్మిక నాయకత్వానికి ఇటువంటి కుటుంబాలే బలం.

జాన్ బర్న్స్ కాలం (1885-1918)

1885లో నియోజకవర్గాల పునర్విభజన జరిగి బాటర్‌సీకి ప్రత్యేక స్థానం లభించినది. మొదటి సభ్యుడు లిబరల్ పార్టీకి చెందిన ఆక్టేవియస్ వాన్ మోర్గన్, పైన చెప్పిన మూసల కర్మాగారపు యజమానులలో ఒకడు. యజమాని ఎన్నికై, కార్మికులు ఓటు వేయుట అప్పటి లిబరల్ రాజకీయాలలో విడ్డూరమేమీ కాదు. ఓటుహక్కు అందరికీ లేదని కూడ గుర్తుంచుకోవాలి. స్త్రీలకు అసలు లేదు. పురుషులలో కూడ స్వంతంగా ఇల్లు నడిపేవారికి, నిర్ణీత అద్దె చెల్లించేవారికి మాత్రమే ఉండేది.

1892లో ఈ స్థానం జాన్ బర్న్స్ చేతికి వచ్చినది. 1858లో పేద కుటుంబంలో పుట్టిన బర్న్స్ ఇంజనీరింగు కార్మికుడు. నిరుద్యోగుల ఊరేగింపులలో ఎర్రజెండా పట్టినవాడు. 1887లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిషేధించిన సభకు వెళ్ళి, ఆ నేరానికి 1888లో ఆరువారాల జైలుశిక్ష అనుభవించాడు. 1889లో లండను ఓడరేవు కూలీల గొప్ప సమ్మెకు నాయకులలో ఒకడు. అదే సంవత్సరం లండను కౌంటీ కౌన్సిలుకు బాటర్‌సీ నుండి ఎన్నికయ్యాడు.

ఆ రోజులలో పార్లమెంటు సభ్యులకు జీతం లేదు. సంవత్సరానికి 400 పౌన్ల జీతం 1911లో గాని రాలేదు. కాబట్టి పనివాడు సభ్యుడు కావాలంటే అతని కుటుంబాన్ని పోషించేవారెవరు అన్నది మొదటి ప్రశ్న. బాటర్‌సీ కార్మికులు దీనికి తమ సమాధానం తామే చెప్పుకున్నారు. చందాలు వేసుకొని బర్న్స్‌కు వేతననిధి ఏర్పాటు చేశారు. మన దేశంలో జాతీయోద్యమ కాలపు చందాలను ఎరిగినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

1900లో బోయరు యుద్ధాన్ని వ్యతిరేకించిన బర్న్స్ కొద్ది వందల ఓట్ల తేడాతో గట్టెక్కాడు. 1905 డిసెంబరులో లిబరల్ ప్రభుత్వం అతనిని స్థానిక ప్రభుత్వ శాఖకు మంత్రిగా తీసుకున్నది. శ్రామికవర్గం నుండి బ్రిటిష్ కేబినెట్‌లో ప్రవేశించిన తొలి వ్యక్తిగా అతనిని పేర్కొంటారు. కాని మంత్రిగా అతడు పాత మిత్రులకు నిరాశనే మిగిల్చాడు. నిరుద్యోగుల విషయంలో ఒకప్పటి ఎర్రజెండా బర్న్స్ కనిపించలేదని సోషలిస్టులు విమర్శించారు. 1909 నాటి గృహనిర్మాణ, పట్టణ ప్రణాళికా చట్టం మాత్రం అతని హయాములో వచ్చిన మేలైన పని. 1914 ఆగస్టులో బ్రిటన్ యుద్ధంలో ప్రవేశించగానే పదవికి రాజీనామా చేశాడు. 1918 తరువాత రాజకీయాలకు దూరంగా, పుస్తకాల మధ్య గడిపి, 1943లో మరణించాడు.

పురపాలన: వీధుల పేర్లు, ఒక కుక్క విగ్రహం

బాటర్‌సీ స్వభావం పార్లమెంటు ఎన్నికలలో కంటె పురపాలకసంఘం పనులలో స్పష్టంగా కనిపిస్తుంది. 1900లో ఏర్పడిన బాటర్‌సీ బరో కౌన్సిలులో లిబరల్, కార్మిక, సోషలిస్టు వర్గాల ఉమ్మడి పక్షానికి ఆధిక్యత వచ్చినది. గుత్తేదారులకు ఇవ్వకుండా స్వంత పనివారితోనే కట్టడాలు కట్టించుట ఈ కౌన్సిలు ప్రత్యేకత. 1903లో పూర్తయిన లాచ్‌మియర్ ఎస్టేటులో మూడువందలకు పైగా ఇండ్లు ఆ విధంగా కట్టినవే. ఆ పేటలో వీధుల పేర్లే ఒక రాజకీయ ప్రకటన. ఒకటి సంస్కరణ వీధి, ఒకటి స్వాతంత్ర్య వీధి. మరొకటి ఝూబేర్ వీధి. పీట్ ఝూబేర్ బ్రిటిష్ సైన్యంతో పోరాడిన బోయరు సేనాధిపతి. యుద్ధం ముగిసీ ముగియకముందే శత్రుసేనాని పేరును లండను వీధికి పెట్టిన కౌన్సిలు ధైర్యం మెచ్చదగినది.

1906లో ఇదే పేటలోని ఆటస్థలంలో ఒక గోధుమరంగు కుక్క విగ్రహాన్ని నిలిపారు. 1903లో యూనివర్సిటీ కాలేజిలో వైద్యవిద్యార్థుల ఎదుట ప్రాణంతో ఉండగా కోయబడిందని చెప్పబడిన కుక్కకు అది స్మారకం. దానిపై చెక్కిన మాటలు వైద్యవిద్యార్థులకు కోపం తెప్పించాయి. 1907లో వారు విగ్రహం మీదికి వచ్చి గొడవలు చేశారు. స్థానిక కార్మికులు, ఓటుహక్కు కోరే స్త్రీలు, జంతుహింసను వ్యతిరేకించేవారు విగ్రహం పక్షాన నిలిచారు. పేదల శరీరాలనూ ఆస్పత్రులు ఇట్లే వాడుకుంటాయన్న భయం కూలీలలో ఉండుట వలన కుక్క వారికి తమ ప్రతినిధిగా తోచినదని చరిత్రకారులు వ్రాశారు. కౌన్సిలులో అధికారం చేతులు మారిన తరువాత 1910లో పోలీసుల కాపలా నడుమ రాత్రివేళ విగ్రహాన్ని తొలగించారు. 1985లో బాటర్‌సీ పార్కులో వేరొక విగ్రహం నెలకొల్పబడినది.

1913 నవంబరులో కౌన్సిలు జాన్ ఆర్చర్‌ను మేయరుగా ఎన్నుకున్నది. 40 ఓట్లు అతనికి, 39 ఓట్లు ప్రత్యర్థికి వచ్చాయి. ఆర్చర్ లివర్‌పూలులో పుట్టిన ఫోటోగ్రాఫరు. తండ్రి బార్బడోస్ దీవివాడు, తల్లి ఐరిష్ స్త్రీ. లండనులో మేయరు అయిన తొలి నల్లజాతీయుడు ఇతడే. ఇతనికీ సక్లత్‌వాలాకూ గల సంబంధం ముందు వస్తుంది.

ఉత్తర బాటర్‌సీ, సక్లత్‌వాలా

1918లో ఓటుహక్కు చట్టం మారినది. 21 సంవత్సరాలు నిండిన పురుషులందరికీ, 30 నిండి కొన్ని అర్హతలున్న స్త్రీలకు ఓటు వచ్చినది. నియోజకవర్గం కూడ రెండైనది. ఉత్తర బాటర్‌సీలో లేబర్ పార్టీ తరఫున 74 ఏండ్ల షార్లెట్ డెస్పార్డ్ నిలబడింది. ఆమె స్త్రీల ఓటుహక్కు ఉద్యమ నాయకురాలు, యుద్ధ వ్యతిరేకి, నైన్ ఎల్మ్స్ పేదల మధ్య ఏండ్ల తరబడి సేవచేసిన మనిషి. ఆమె తమ్ముడు జాన్ ఫ్రెంచి అదే యుద్ధంలో బ్రిటిష్ సేనలకు అధిపతిగా ఉన్నాడు! యుద్ధవిజయపు వేడిలో జరిగిన ఆ ఎన్నికలో ఆమె ఓడిపోయింది. ప్రభుత్వ కూటమికి చెందిన లిబరల్ అభ్యర్థి రిచర్డ్ మోరిస్ గెలిచాడు.

1922లో వచ్చినవాడు షాపూర్జీ సక్లత్‌వాలా. 1874 మార్చి 28న బొంబాయిలో పార్సీ కుటుంబంలో జన్మించాడు. తల్లి జెర్బాయి పారిశ్రామికవేత్త జంషెడ్జీ టాటాకు చెల్లెలు. టాటా సంస్థల పనిమీదనే 1905లో ఇంగ్లాండు చేరిన ఈ మేనల్లుడు అక్కడ సోషలిస్టు అయి, 1909లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీలోను, 1921లో కమ్యూనిస్టు పార్టీలోను చేరాడు. అప్పట్లో ఒకే వ్యక్తి కమ్యూనిస్టుగా ఉంటూ లేబర్ పార్టీలో కూడ ఉండగలిగేవాడు. స్థానిక లేబర్ పార్టీ అతనిని అభ్యర్థిగా అంగీకరించుటకు ఆర్చర్ కృషి చేశాడు, ఎన్నికల ఏజెంటుగా కూడ పనిచేశాడు. అతని ఎదుటనున్న లిబరల్ ఓటు రెండుగా చీలినది. సక్లత్‌వాలాకు 11,311 ఓట్లు, సమీప ప్రత్యర్థి హెన్రీ హాగ్‌బిన్‌కు 9,290 ఓట్లు వచ్చాయి. ఆధిక్యత 2,021.

ఒక సంవత్సరం తిరిగేసరికి మరల ఎన్నిక వచ్చినది. 1923లో ఇద్దరే పోటీపడ్డారు. హాగ్‌బిన్ 186 ఓట్లతో గెలిచాడు. 1924లో మరల ఆ ఇద్దరే. లేబర్ పార్టీ జాతీయ నాయకత్వం కమ్యూనిస్టులకు తలుపులు మూసివేస్తున్నప్పటికీ స్థానిక సంఘాలు సక్లత్‌వాలాను విడువలేదు. అతడు కమ్యూనిస్టు అభ్యర్థిగానే నిలబడి 542 ఓట్లతో గెలిచాడు. వచ్చిన ఓట్లు 15,096. ఆ సభలో ఏకైక కమ్యూనిస్టు సభ్యుడతడే. భారతీయుడైనందుకు కాక, ఐరిష్ కూలీలు, రైల్వే కార్మికులు, నిరుద్యోగులు అతనిని తమవానిగా భావించినందుకు ఈ ఓట్లు వచ్చాయన్నది గమనించాలి. ఆ నాటి ఉత్తర బాటర్‌సీలో భారతీయ ఓటర్లు లెక్కకు వచ్చేంతమంది లేరు.

కామన్స్ సభలో అతడు బాటర్‌సీ అద్దెలగురించి, నిరుద్యోగ భృతిగురించి మాట్లాడుతూనే భారత స్వాతంత్ర్యాన్ని గురించి కూడ మాట్లాడాడు. బొంబాయి మిల్లు కూలీ బాగుపడితే గాని లంకషైర్ కూలీ బాగుపడడని, ఇద్దరి బ్రతుకులూ ముడిపడి ఉన్నాయని అతని వాదన సారాంశం. 1926 మేడే నాడు హైడ్ పార్కులో, సమ్మె చేసేవారిపై తుపాకులు ఎత్తవద్దని సైనికులను కోరినందుకు రెండు నెలల జైలుశిక్ష పడినది. బర్న్స్ సభ్యుడు కాకముందు జైలుకు వెళ్ళగా, సక్లత్‌వాలా సభ్యుడై ఉండి వెళ్ళాడు. 1927 జనవరి నుండి కొన్ని నెలలు భారతదేశంలో పర్యటించి సభలలో ప్రసంగించాడు. ఖద్దరు, రాట్నం మీద గాంధీజీతో బహిరంగ లేఖల ద్వారా వాదించాడు. గాంధీజీ మర్యాదగానే, తన పద్ధతిని విడువకుండా, సమాధానమిచ్చాడు. ఆ పర్యటన తరువాత బ్రిటిష్ ప్రభుత్వం అతనిని మరల భారతదేశానికి రానివ్వలేదు. పార్లమెంటు సభ్యుడు తాను పుట్టిన దేశానికి, తన పార్లమెంటు పాలించే దేశానికి, పోలేకపోయాడు!

1926 నాటికి లేబర్ నాయకత్వం, కమ్యూనిస్టులను తొలగించనందుకు బాటర్‌సీ స్థానిక శాఖ గుర్తింపును రద్దుచేసి, కొత్త శాఖను నిర్మించినది. ఆర్చర్ ఈ అధికారిక శాఖ పక్షాన నిలిచాడు. 1929లో లేబర్ తన స్వంత అభ్యర్థిగా స్టీఫెన్ శాండర్స్‌ను నిలిపినది. అతని ఏజెంటు ఆర్చర్. ఏడేండ్ల క్రిందట సక్లత్‌వాలాను గెలిపించిన చేతులే ఈసారి అతనిని ఓడించాయి. సక్లత్‌వాలా 1936 జనవరి 16న లండనులో మరణించాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడిన బ్రిటిష్ స్వచ్ఛంద దళానికి అతని పేరు పెట్టారు.

సక్లత్‌వాలాకు ముందు కామన్స్ సభలో కూర్చున్న భారతీయులు ఇద్దరు: 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నుండి లిబరల్‌గా దాదాభాయి నౌరోజీ, 1895లో ఈశాన్య బెత్నల్ గ్రీన్ నుండి కన్సర్వేటివ్‌గా మంచర్జీ భావనగ్రీ. ముగ్గురూ పార్సీలే, ముగ్గురూ లండను నుండే, మూడు వేర్వేరు పార్టీలు. 1929 తరువాత మరొక భారత సంతతి సభ్యునికోసం 1987లో కీత్ వాజ్ గెలుపు వరకు ఆగవలసివచ్చినది.

1931 నుండి 1983 వరకు

ఉత్తర బాటర్‌సీని 1931లో కన్సర్వేటివ్ ఆర్థర్ మార్స్‌డెన్ గెలుచుకోగా, 1935లో శాండర్స్ తిరిగి తీసుకున్నాడు. అప్పటినుండి అది లేబర్ స్థానమే. 1946 ఉపఎన్నికలో గెలిచిన డగ్లస్ జే 1983 వరకు, 37 సంవత్సరాలు, కొనసాగాడు. ఆర్థికశాస్త్రజ్ఞుడు, 1964-67లో వాణిజ్యశాఖకు అధిపతి. యూరోపియన్ ఉమ్మడి మార్కెట్టులో బ్రిటన్ చేరుటను జీవితాంతం వ్యతిరేకించాడు.

దక్షిణ బాటర్‌సీ అట్లా స్థిరంగా లేదు. 1918 నుండి కర్జన్ ప్రభువు కన్సర్వేటివ్‌గా గెలుస్తూవచ్చాడు (మన వైస్రాయి కర్జన్ ఇతడు కాడు). 1929 ఉపఎన్నికలో లేబర్, 1931లో కన్సర్వేటివ్, 1945లో మరల లేబర్. 1945లో గెలిచిన కెరొలైన్ గాన్లీ సహకారోద్యమంలో పండిన మనిషి. అరవై దాటిన వయసులో పార్లమెంటుకు వెళ్ళింది. 1951 నుండి 1964 వరకు కన్సర్వేటివ్ ఎర్నెస్ట్ పార్ట్రిడ్జ్, ఆపైన లేబర్ ఎర్నెస్ట్ పెర్రీ ప్రాతినిధ్యం వహించారు.

1979లో దక్షిణ బాటర్‌సీ నుండి, 1983లో ఏకమైన బాటర్‌సీ నుండి గెలిచినవాడు ఆల్ఫ్ డబ్స్. 1932లో ప్రేగ్‌లో పుట్టి, ఆరేండ్ల వయసులో నాజీల బారినుండి తప్పించిన పిల్లల రైలులో ఇంగ్లాండు చేరినవాడు. తరువాత ప్రభువుల సభలో ఉంటూ, ఒంటరి శరణార్థి బాలలకు ఆశ్రయమిచ్చేందుకు 2016లో చట్టసవరణ తెచ్చినది ఇతడే.

ఇండ్లు, ఓట్లు

1965లో బాటర్‌సీ బరో రద్దై వాండ్స్‌వర్త్ బరోలో కలిసినది. 1978లో వాండ్స్‌వర్త్ కౌన్సిలు కన్సర్వేటివుల చేతికి వచ్చి 2022 వరకు వారివద్దనే ఉన్నది. తక్కువ పన్ను, కౌన్సిలు ఇండ్ల అమ్మకం వారి విధానాలు. ఒకప్పుడు ఇండ్లు కట్టి అద్దెకిచ్చిన చోటనే ఇప్పుడు అవే ఇండ్లను అమ్ముట మొదలైనది. తలపన్ను దేశమంతటా అల్లర్లు రేపిన కాలంలో, 1991లో, వాండ్స్‌వర్త్ కౌన్సిలు ఆ పన్నును సున్నా చేసినది.

ఈలోగా కర్మాగారాలు మూతపడ్డాయి. 1983లో విద్యుత్ కేంద్రం కూడ ఆగిపోయినది. నగరంలోని బ్యాంకులలో, న్యాయసంస్థలలో పనిచేసే యువ దంపతులు పాత కార్మికుల ఇండ్లు కొని చేరసాగారు. రెండు మైదానాల నడుమనున్న నార్త్‌కోట్ రోడ్డు ప్రాంతానికి, పసిపిల్లల తోపుడుబండ్లు ఎక్కువగా కనిపించుట వలన, నేపీ వేలీ అను ముద్దుపేరు వచ్చినది. ఈ మార్పు 1987 ఎన్నికలో బయటపడినది. దేశంలో లేబర్ కొంత పుంజుకున్నా బాటర్‌సీలో మాత్రం కన్సర్వేటివ్ జాన్ బౌయిస్ 857 ఓట్లతో డబ్స్‌ను ఓడించాడు. 1992లో ఆధిక్యత 4,840కి పెరిగినది.

అప్పటినుండి 2015 వరకు బాటర్‌సీ దేశపు గాలిని చూపే కోడిపుంజు వంటిది. దేశంలో ఎవరు ముందుంటే ఇక్కడా వారే. 1997లో లేబర్ మార్టిన్ లింటన్ 5,360 ఓట్లతో గెలిచాడు. 2005లో అతడు కేవలం 163 ఓట్లతో బయటపడ్డాడు. 2010, 2015లలో కన్సర్వేటివ్ జేన్ ఎలిసన్ గెలిచింది.

2016 జూన్‌లో యూరోపియన్ యూనియన్‌పై జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ ఈ అలవాటును చెరిపివేసినది. వాండ్స్‌వర్త్ బరోలో 75 శాతం ఓటర్లు యూనియన్‌లో ఉండాలనే కోరారు. డగ్లస్ జే పాత నియోజకవర్గంలో ఈ తీర్పు రావడం చమత్కారమే. ఎలిసన్ స్వయంగా యూనియన్‌లో ఉండుటను సమర్థించినా, ఓటర్లు ఆమె పార్టీని క్షమించలేదు. 2017లో లేబర్ అభ్యర్థిని మార్షా డి కొర్డోవా 2,416 ఓట్లతో గెలిచింది. ఆమె చూపు బహుతక్కువగా గల వ్యక్తిగా నమోదైనది. వికలాంగుల హక్కులకోసం పనిచేసినది. 2019లో దేశమంతటా లేబర్ చితికిపోగా ఇక్కడ ఆమె ఆధిక్యత 5,668కి పెరిగినది. 2024లో ఆమె ఇంకా పెద్ద ఆధిక్యతతో గెలిచింది. ధనికులు పెరిగితే కన్సర్వేటివులు పెరుగుతారన్న పాత సూత్రం ఇక్కడ పనిచేయుట మానివేసినదని చెప్పాలి. ఉన్నత విద్య, అద్దె ఇండ్లలో ఉండే యువత, యూరపుతో ఉద్యోగ సంబంధాలు, వీటి బరువు ఎక్కువైనది.

నది ఒడ్డు పూర్తిగా రూపు మార్చుకున్నది. 2018 జనవరిలో అమెరికా రాయబార కార్యాలయం నైన్ ఎల్మ్స్‌కు తరలివచ్చినది. 2021 సెప్టెంబరులో విద్యుత్ కేంద్రం వరకు భూగర్భ రైలు వచ్చినది. 2022 అక్టోబరులో విద్యుత్ కేంద్రం దుకాణాలు, కార్యాలయాలు, ఖరీదైన ఇండ్లతో తిరిగి తెరుచుకున్నది. ఈ పథకంలో సామాన్యులకు అందుబాటు ధరలో కట్టవలసిన ఇండ్ల సంఖ్యను 2017లో 636 నుండి 386కు తగ్గించుట పెద్ద వివాదమైనది. క్లాఫం జంక్షన్ ప్రక్కనున్న విన్‌స్టాన్లీ వంటి కౌన్సిలు ఎస్టేటులలో పేదరికం మిగిలే ఉన్నది. కొన్ని నిమిషాల నడకలో ఈ రెండు బాటర్‌సీలనూ చూడవచ్చు. లాచ్‌మియర్ ఎస్టేటు నిలిచే ఉన్నది, ఝూబేర్ వీధి పేరు మారలేదు. లావెండర్ హిల్ మీద 1893లో కట్టిన పాత పురపాలక భవనం ఈ నాడు కళాకేంద్రంగా నడుస్తున్నది. 2015లో అగ్నిప్రమాదానికి గురైన దాని పెద్ద సభామందిరాన్ని బాగుచేసి 2018లో తిరిగి తెరిచారు.